ఎవరి పుట్టుక?

ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టాను. సికింద్రాబాద్‌లో సందుకొక సాఫ్ట్‌వేర్ ఆఫీసు తెరుస్తున్న రోజుల్లో, నిచ్చెనెక్కి కంప్యూటర్లకు కేబుళ్లు లాగేవాణ్ణి. అలా చదువుకున్నవాళ్లందరికీ పైనే ఉండేవాణ్ణి.

ఇరవై ఆరేళ్లకు ఇంట్లో పెళ్లిమాట ఎత్తారు. నా మనసు ఆడవాళ్ల మీదికి పోదనీ, మగవాళ్ల మీదికే పోతుందనీ చెప్పేశాను. తిట్లయ్యాక నాన్న నన్ను బేగంపేటలో పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. చెడు స్నేహాలు పట్టి నేర్చుకున్నానని నాన్న నమ్మకం.

"నేర్చుకునే తెలివి ఉంటే లెక్కలు నేర్చుకుందును కద నాన్నా" అన్నాను. నవ్వలేదు.

డాక్టరు అరగంట మాట్లాడి, "ఇది జబ్బు కాదండీ. పుట్టుకతోనే వస్తుంది, కోరి తెచ్చుకునేది కాదు" అన్నాడు. మల్కాజ్‌గిరి బస్సులో తిరిగొస్తుంటే జన్మలో మొదటిసారి పరీక్ష పాసైనట్టు అనిపించింది. ఎంత వెర్రివాణ్ణి!

ఇంట్లో మేనత్త కాచుక్కూర్చుంది. నా పెళ్లి కుదర్చడానికి శ్రీకాకుళం నుంచి దిగిన మనిషి. నాన్న డాక్టరు మాట చెప్పగానే ఆవిడ మా అమ్మ వైపు తిరిగింది.

"పుట్టుకతోనంట. ఏటమ్మీ, మరి కన్నదెవరు? కడుపుతో ఉండి గ్రహణం నాడు కూర తరిగినావు. వద్దంటే ఇన్నావా?"

"అత్తా, గ్రహణానికైతే పెదవి చీలాలె. నాది మంచిగనే ఉంది చూడు. చంద్రునికి గురి కుదరలేదా ఏంది?" అన్నాను.

"నోర్ముయ్" అని నాన్న అమ్మ మీదికి వెళ్లాడు. "సెప్పవేటి? ఇంకేటి సేసినావు?"

అమ్మ స్టవ్ ఆర్పింది. "ఇద్దరు మగపిల్లలయ్యాక ఆడపిల్ల కావాలని మొక్కుకున్నాను. వీడికి గౌను తొడిగి, జడేసి ఫొటో తీయించాను. నా వల్లే అయ్యుంటాది."

ఆ పూట నుంచి అమ్మ అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చోగానే అత్త "పుట్టుక" అనేది, అమ్మ లేచిపోయేది. మూడు రోజులు ఇదే తంతు. నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్లకు కావలసింది నిజం కాదు, ముద్దాయి. నేర్చుకున్నానంటే నేను, పుట్టుక అంటే అమ్మ. పుట్టించడంలో నాన్నకూ ఏదో పాత్ర ఉండే ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

నాలుగోనాటి మధ్యాహ్నం అందరి ముందూ అబద్ధమాడాను.

"ఆ డాక్టర్‌కేం తెల్వదు. నేనే ఎంచుకున్న. కావాలనే."

"ఎంచుకున్నోడివి మానీ" అన్నాడు నాన్న.

"మాన."

"అయితే నా ఇంట్లో ఉండకు."

అత్త ముఖం విప్పారింది. దొంగ దొరికాడు కదా. నేను రెండు జతల బట్టలు సంచీలో కుక్కుకున్నాను.

సందు మలుపు దాకా అమ్మ వెంట వచ్చింది. "నిజంగానేరా? నా తప్పు కాదా?"

"నీ తప్పు కాదమ్మా."

ఆమె ముఖంలో ఆ నాలుగు రోజుల బరువూ దిగిపోవడం చూశాను. కొంగుతో కళ్లు తుడుచుకుని, అన్నం తినడానికి వెనక్కి నడిచింది.

అసలు ఇందులో తప్పన్నదే లేదని అనాల్సింది. ఇంత వాగుడుకాయకు ఆ ఒక్కమాట నోటికి రాలేదు. నాన్న మీద, అత్త మీద కోపం ఎప్పుడో పాతబడింది. ఇది మాత్రం ఇంకా మండుతూనే ఉంది.