అక్క రాయని రిపోర్టు

మైపాడు దగ్గర రొయ్య పిల్లల్ని పరీక్షించే ల్యాబులో నాకు పని నేర్పిన అక్క, ఏది అడిగినా గుండెమీద చెయ్యి వేసుకుని ఆ తర్వాతే జవాబు చెప్పేది. ఒకరోజు జబ్బు రొయ్య పిల్లలను మంచివని రిపోర్టు రాయమన్నాడు ఓనరు అక్కని. వాటిని చెరువులో వదిలిన రైతు అప్పుల్లో మునిగిపోతాడని మా ముగ్గురికీ తెలుసు.

"నేనొక్కదాన్నే అయితే భయపడి రాసేదాన్నేమో సార్. క్రీస్తు నాలో ఉండాడు. ఆయన్ని లోపల పెట్టుకొని అబద్ధం ఎట్టా రాసేది?" అంది మెల్లగా.

రేపట్నించి రావద్దన్నాడు ఓనరు అక్కని. ఆ రిపోర్టు కాగితం నా ముందుకు జరిపాడు. నేను సంతకం చేశాను.

అక్క కోప్పడలేదు. వెళ్తూ తన అన్నం డబ్బా నా బల్లమీద పెట్టింది.

"పొద్దున్నుంచి ఏం తిన్లేదు నువ్వు. తిను. క్రీస్తు నిన్నేం వదిలెయ్యలేదులేమ్మా."

డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను. లేచి ఓనరు గదిలోకి వెళ్లి, నేను సంతకం చేసిన కాగితం తిరిగి ఇచ్చెయ్యమన్నాను.