పోస్టర్లలో మనిషిని వెతికిన అన్న

మా విశ్వవిద్యాలయంలో ఏటా జరిగే పరిశోధనల ప్రదర్శనకు పోస్టర్లు అమర్చే అన్నది జగిత్యాల దగ్గరి పల్లె. ఉండేది ఈ ఎడారి దేశపు మామీర్ వలస కార్మికుల క్యాంపులో. ఆయనకు ఇంగ్లీషు రాదు. ప్రతి పోస్టరునూ చేయి చాచినంత దూరంలో పట్టుకొని, "ఇందుల మనిషేడున్నడు?" అని వెతికేవాడు.

ఆ ఏడాది శాఖల క్రమం పూర్తిగా చెదిరింది. వాణిజ్యశాఖ వారి ఎండాకాలపు మధ్యాహ్న పనివిరామం, సైన్సు వారి చెమటలోని ఉప్పు, ఇంజనీరింగు వారి తల చల్లబరిచే హెల్మెట్ పోస్టర్లు పక్కపక్కనే వెలిశాయి. బాధ్యుడైన ప్రొఫెసరు మండిపడ్డారు.

"మూడిట్ల గా ఎండల పనిజేసే హెల్మెటాయినే ఉన్నడు గద సార్!" అన్నాడు అన్న.

ప్రొఫెసరు మూడింటినీ మరోసారి చూసి, అలాగే వదిలి వెళ్లిపోయారు.

కార్మికుల నిద్రపై నేను చేసిన పోస్టరు మాత్రం బాత్రూముల పక్క మూలకు చేరింది. న్యాయనిర్ణేతలు అంతదూరం రారు. కళాశాల డిబేట్లలో ఓటమి ఎరుగని నేను సూత్రబద్ధంగా అభ్యంతరం చెప్పాను.

"నీ దాంట్ల అన్ని గీతలే తమ్మీ, మనిషి లేడు. ఏ రూముల జూసినవ్ నిద్ర?"

నేను కార్మికుల ఫోన్లకు ప్రశ్నలు పంపానంతే. ఏ గదికీ వెళ్లలేదు.

"శుక్రవారం సెలవే కదా, మీ రూముకు రావచ్చా, అన్నా?"

"రా తమ్మీ. గని పండుకున్నోళ్లను లేపి, నిద్ర మంచిగ వడుతుందా అని అడగకు."