పేరెత్తని లైను

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో మొదట నవ్వేది నేనే. ఇప్పటికీ ఉన్నాయని చెప్పను. జరిగింది మాత్రం చెప్తాను.

డిగ్రీ మధ్యలో ఆపేసి, కోడింగ్ కోర్సు చేసి, కరీంనగర్‌లో ఓ చిన్న ఆఫీసులో చేరాను. వానొచ్చేలా ఉంటే ఆదిలాబాద్ వైపు పత్తి రైతులకు దానంతటదే ఫోన్ చేసి చెప్పే ప్రోగ్రాం మాది. అందులో వినిపించే గొంతు సుగుణక్కది. నాకంటే ముందు నా కుర్చీలో కూర్చున్న మనిషి. జ్వరంతో చనిపోయింది. నేనామెను చూడనే లేదు.

ఆ గొంతు తీసి మిషన్ గొంతు పెట్టి, పాత కోడ్ శుభ్రం చేయమన్నారు సార్. కోడ్ ఫైలు పైన ఇంపోర్ట్ లైన్లుంటాయి, ఫలానా ఫైలు తెచ్చుకో అని. కింద ఎక్కడా ఆ పేరు వాడకపోతే, మేం కోడ్ రాసుకునే ఎడిటర్ ఆ లైన్ని మసకగా చూపిస్తుంది. ఒక్క బటన్ నొక్కితే అలాంటివన్నీ తుడిచేస్తుంది. 'సుగుణ' అన్న లైను మసకగా ఉంది.

పక్క సీటు రజితక్క ఆపింది. "జర ఆగు పిల్లా. మీ అవ్వ మీ బాపు పేరెత్తదు గద. గట్లని బాపు ఇంట్ల లేనట్టేనా?"

"మా బాపు ఉన్నా లేనట్టేలే అక్కా" అని నవ్వాను. ఆమె టీకి లేవగానే నొక్కేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆదిలాబాద్ మీద మబ్బులు. తెర మీద చూస్తే ఒక్క ఫోనూ వెళ్లలేదు. ఫోన్లు మొదలుపెట్టేది ఆ లైనేనని అప్పుడు తెలిసింది. పేరెవరూ ఎత్తకపోయినా ఆ ఫైలు తన పని తాను చేసుకుపోయేది. మా ఊరూ అటువైపే. మా ఇంటి ముందు ఏరిన పత్తి కుప్ప పోసి ఉంది. ఏడాది కష్టం. తడిస్తే మిల్లు వాళ్లు ముట్టరు.

బాపుకు చేశాను. బిజీ. మళ్లీ బిజీ. లేచి నిలబడే చేస్తున్నాను. చివరికి ఎత్తాడు.

"బాపూ, వానొస్తంది, పత్తి కప్పు!"

"ఎప్పుడో కప్పినం. వాడ మొత్తం కప్పిచ్చిన. మీ ఆఫీసు ఫోనొచ్చె గద."

"మిషన్ గొంతా?"

"మిషనేంది? ఎప్పటి పొల్లనే. 'కాకా, మబ్బు వట్టింది, పత్తి కప్పుండ్రి' అన్నది. 'మీ బిడ్డ కొత్తది, తెల్వక తీసేసింది, ఏమనకుండ్రి' అని గూడ అన్నది. ఏం తీసేసినవే?"



సుగుణక్క పాత రికార్డింగు నేను మళ్లీ మళ్లీ విన్నాను. 'రైతు సోదరులకు నమస్కారం' అని మొదలై వాన మాటతో అయిపోతుంది. 'కాకా' అన్న మాటే లేదు. ఇంటికెళ్లినప్పుడు బాపు ఫోన్ చూశాను. ఆ మధ్యాహ్నం వచ్చింది మా ఆఫీసు నంబరే. నువ్వు చేశావా అని రజితక్కనడిగితే ఒట్టేసి కాదంది. నేను బటన్ నొక్కిన సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు కూడా.

ఎంత ఆలోచించినా తెగడం లేదు. నన్ను తిట్టొద్దని మా బాపుకు చెప్పడానికి, ఆ మనిషికి నేనెవరిని?