కార్డు ఎవరిదైనా సూది నీకే

పోయిన నెల మోకాలి ఆపరేషన్‌కని హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. చేరిన పొద్దుటి నుంచి నా పేరు ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. మణికట్టుకు పేరూ నెంబరూ ఉన్న పట్టీ కట్టారు. అయినా బిళ్ళ ఇవ్వడానికి వచ్చిన ప్రతి అమ్మాయీ ముందు పట్టీ చూస్తుంది, తర్వాత నన్నే అడుగుతుంది. మా కోడలికి విసుగొచ్చి "పొద్దుటి నుంచి అదే పేరమ్మా, ఇంకా మార్చుకోలేదు" అంది. ఆ నర్సు పిల్ల నవ్వలేదు. "రూల్ అక్కా" అంది, బిళ్ళ చేతిలో పెట్టింది. నాకు విసుగు రాలేదు. ముప్పయ్యేళ్ళు సూదులు వేసి రిటైరైనదాన్ని. మనిషిని పేరడగడం ఎంత కష్టమైన పనో నాకు తెలుసు. ఓపిక లేని ఒంటితో ఆ మంచం మీద పడుకుని, రోజంతా మా పాత హెడ్ నర్సు ఆపా గురించే ఆలోచించాను.

ఎనభైల చివర్లో పటాన్‌చెరులో కొన్ని ఫ్యాక్టరీలు కలిసి తమ పనివాళ్ళకోసం ఒక చిన్న దవాఖాన నడిపేవి. అందులో నాకు టెంపరరీ నర్సు ఉద్యోగం దొరికింది. రోజూ సంగారెడ్డి నుంచి బస్సు. ఊరు కనపడకముందే మందుల కంపెనీల వాసన కిటికీలోంచి లోపలికి వచ్చేది. కునుకు తీస్తున్నా ఆ వాసనకే మెలకువ వచ్చి సరిగ్గా స్టాపులో దిగేదాన్ని, కండక్టరు అరవక్కర్లేదు. మా హెడ్ నర్సును డాక్టరుగారితో సహా అందరం ఆపా, అంటే ఉర్దూలో అక్క, అని పిలిచేవాళ్ళం. సదాశివపేట వైపు మనిషి, పొట్టిగా, తెల్లచీరలో, నోట్లో ఎప్పుడూ రెండు సోంపు గింజలతో ఉండేది. ఆమెకు చాదస్తం పాలు ఎక్కువ. సిరంజీలు ఉడకబెట్టామని చెబితే సరిపోయేది కాదు. "ఉడికినయని కాదు బిడ్డా, ఎన్ని గంటలకు మరగవట్టినయో చెప్పు" అని గోడ గడియారం చూపించేది. వెనక చేరి మేం ఆమెలా నడిచి చూపించి నవ్వుకునేవాళ్ళం.

ఆ దవాఖానలో చూపించుకోవాలంటే నీలం అట్టకార్డు ఉండాలి. కార్డు పర్మనెంటు వాళ్ళకే ఇచ్చేవారు, దాని మీద ఫోటో ఉండేది కాదు. గడ్డపోతారం ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు దొర్లించే కాంట్రాక్టు కూలీకి జ్వరమొస్తే బావ కార్డో, పక్కింటాయన కార్డో పట్టుకుని వచ్చేవాడు. ఆ పేరూ, ఆ తండ్రి పేరూ దారి పొడుగునా బట్టీ పట్టుకుని మరీ వచ్చేవారు. ఒకసారి కార్డులో ఇరవై ఆరేళ్ళున్న మనిషి నెరిసిన మీసంతో వచ్చి నిలబడ్డాడు. ఆపా తల ఎత్తకుండా "పని మస్తు చేపిస్తున్నట్టున్నరు" అంటూ రాసుకుంది. మాకందరికీ తెలుసు, ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. అడిగితే తిప్పి పంపాలి. జాలి చూపిస్తున్నామని అనుకునేవాళ్ళం.

ఒక సోమవారం, వరండా నిండా జనం. ఒకతను అరికాలిలో చీముతో కుంటుకుంటూ వచ్చాడు. డాక్టరుగారు పెన్సిలిన్ రాశారు. ఆ మందు కొందరికి పడదు. అందుకని ముందు ముంజేతి చర్మం కింద ఒక చుక్క వేసి, చుట్టూ పెన్నుతో గుండ్రం గీసి, అరగంట కూర్చోబెట్టి చూడాలి. కార్డు తిప్పాను. అంతకు ముందు రెండుసార్లు అదే సూది వేసినట్టు, ఏమీ కానట్టు నా చేతిరాతే ఉంది. పేరడిగాను, చెప్పాడు. అడక్కుండానే తండ్రి పేరు కూడా చెప్పాడు. వెనక జనం తోసుకుంటున్నారు. ఇదివరకు పడిన మందేగదా అని, చుక్క వెయ్యకుండానే సూది వేసేశాను.

నీళ్ళ నల్లా దాకా నడిచి అక్కడే కూలబడ్డాడు. పెదవులు ఉబ్బాయి, ఊపిరి అందడం లేదు. నేను కార్డులో పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో వరండాలోంచి అతని అక్క పరుగెత్తుకొచ్చి ఇంకేదో పేరు పెట్టి ఏడుస్తూ పిలిచింది. ఆ పేరుకు రెప్పలు కదిలాయి. ఆపా అప్పటికే విరుగుడు సూది వేసి, ఆక్సిజన్ సిలిండరు ఈడ్చుకొస్తోంది. సాయంత్రానికి అతను లేచి కూర్చుని చాయ్ అడిగాడు. అతని అక్క ఆపా చెయ్యి వదలలేదు. "కార్డు మా ఇంటాయనది. గీడు నా తమ్ముడు. మా ఆయన నౌకరి తియ్యద్దని చెప్పుండ్రి, మీ కాళ్ళు మొక్కుత" అంది.

మర్నాడు కంపెనీల తరఫు మేనేజరు వచ్చి ఆపాను, నన్ను గదిలోకి పిలిచాడు. సూది వేసింది ఎవరు, కార్డు ఎవరిది, రెండే ప్రశ్నలు. మొదటిదానికి జవాబు చెబితే నా ఉద్యోగం పోతుంది. రెండోదానికి చెబితే ఆ బావది పోతుంది. మా ఇంట్లో నాన్న మంచాన ఉన్నాడు, నా జీతమే ఆధారం. ఆపా అంది: "నా వార్డుల అయింది సార్, నా పేరు రాస్కోండ్రి. గలతీ మనం అడిగే తీరుల ఉన్నది. నిజం చెప్తే గేటు బయటికి దొబ్బుతం, అబద్ధం చెప్తే సూదితోని సంపుతం. ఇగ ఆ మనిషి ఏం జెయ్యాలె?" నేను ఆమె వెనకాలే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆమెను హెడ్ నర్సు పని నుంచి తీసి దుప్పట్ల గదికి మార్చారు. ఆర్డరు రావడానికి వారం పట్టింది. ఆ వారంలో మాకు కొత్త పద్ధతి నేర్పింది. ఎవరొచ్చినా ముందు పరదా వేసి మెల్లగా చెప్పాలి: "కార్డు ఎవరిదైనా సూది నీకే. నీకు గిది ఎన్నడన్న పడకుంట అయిందా? నిజం చెప్పు, ఎవ్వరికి చెప్పం." ఏం చెప్పినా సరే, ప్రతివాళ్ళకూ ముందు చుక్క వేసి చూడాలి. ఆ పరదా వెనక జనం ఎన్ని నిజాలు చెప్పారో. తర్వాత ఫోటో కార్డులొచ్చాయి, గేటు దగ్గర వాచ్‌మన్‌ను పెట్టారు. నెలనెలా పంపే కాగితంలో పొరపాట్ల గడి ఖాళీగా ఉంటోందని ఆఫీసు వాళ్ళు మమ్మల్ని మెచ్చుకున్నారు. కార్డు లేనివాళ్ళు ఎటు పోయారో రాయడానికి అందులో గడి లేదు.

ఒకనాడు అన్నం వేళ దుప్పట్ల గదికి వెళ్ళి "ఆపా, ఆ రోజు నేను చెప్పాల్సుండె" అని మొదలుపెట్టాను. "జెర ఈ కొస పట్టు" అని దుప్పటి అంచు చేతికిచ్చింది. ఇద్దరం కలిసి బీరువా నిండేదాకా మడతలు పెట్టాం. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె రిటైరైంది, తర్వాత పోయిందని కూడా చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు సిగ్గు అలాగే మిగిలింది.

డిశ్చార్జికి ముందు రోజు ఆ నర్సు పిల్ల మళ్ళీ వచ్చి నా పేరడిగింది. చెప్పాక కూడా వెళ్ళకుండా నిలబడింది. "ఆంటీ, పొద్దున మీకివ్వాల్సిన బిళ్ళ మర్చిపోయి గంట లేటుగా ఇచ్చాను. డాక్టరుగారికి చెప్పాను, భయం లేదన్నారు. మా బుక్కులో కూడా రాశాను" అంది. తిట్టరా అని అడిగాను. "రాస్తే తిట్టరాంటీ. దాస్తేనే" అంది. మేనేజరు ముందు నిలబడ్డ రోజు నాదీ ఇంచుమించు ఆ పిల్ల వయసే. తప్పు నాదేనని చెప్పడానికి ఆమెకు ఒక్క పూట పట్టింది, నాకు ఇన్నేళ్ళు పట్టింది, అదీ వినాల్సిన మనిషి లేకుండా పోయాక.