రేడియో పిన్ని తెర ఆర్పేసిన మధ్యాహ్నం

మా రేడియో పిన్నికి పుట్టుకతోనే చూపు లేదు. చెవులు మాత్రం చీమ దగ్గినా పట్టేస్తాయి. పాడైన రేడియోని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమిందంటే, చచ్చింది కూడా లేచి పాడాల్సిందే! ఇరవై ఏళ్ళుగా మెట్ల కింద కూర్చుని బాగుచేసే ఆమెకి కొత్త మార్కెట్లో ఒక కొట్టు కావాలి. దరఖాస్తు పురపాలక సంఘం వెబ్‌సైట్లోనే పెట్టాలి. గడువు ఆ సాయంత్రం ఐదింటికే.

నేను వెళ్ళేసరికి ఆమె కంప్యూటరు గుక్కతిప్పుకోకుండా వాగుతోంది. తెరమీదున్నది చదివి వినిపించే ఏర్పాటది. ఆ వేగానికి నాకు రేకుమీద వడగళ్ళు పడ్డట్టుంది.

"ఏమంటోందది, పిన్నీ?"

"బటన్, బటన్, బటన్! ఏది దేనికో చెప్పి చావదు."

"ఇటివ్వు, నేను నింపేస్తా."

"నువ్వా? కిందటిసారి నా పుట్టిన తేదీ బదులు నీది వేశావు. అక్క కూతురివని ఊరుకున్నా. ఆ కంప్యూటరు చంకన పెట్టు, పద పురపాలక ఆఫీసుకి!"

అక్కడ వెబ్‌సైటు చూసుకునే ఇంజనీరు పిన్ని కంప్యూటర్లోనే గర్వంగా ఒక పేజీ తెరిచాడు. "చూపు లేనివాళ్ళకి ప్రత్యేకంగా సూచనలు పెట్టామమ్మా."

నేను తొంగి చూశాను. సూచనలు కాగితం మీద టైపు చేసి, సంతకం పెట్టించి, ముద్ర కొట్టించి, ఆ కాగితాన్ని ఫొటో తీసి పెట్టారు! ఫొటోలో అక్షరాలని పిన్ని యంత్రం చదవలేదు.

"చీకట్లో కన్నుకొట్టినట్టుంది, నాయనా!" పిన్ని నవ్వుకి మూడో అంతస్తులో ఫైళ్ళు కదిలాయి. చెయ్యి చాచి తెర ఆర్పేసింది. "ఇప్పుడు నువ్వు నింపు. వింటూ."

ఇంజనీరు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఏదో బటన్ నొక్కాడు. నింపిందంతా చెరిగిపోయింది. మూడుసార్లు అదే! చొక్కా పిండితే బిందెడు చెమట.

"ఏ బటనో తెలియట్లేదమ్మా..."

"పొద్దున్నుంచీ నేనన్నదీ అదే!"

అప్పుడు మొదలైంది పరుగు. తోటివాళ్ళిద్దరినీ పిలిచి, ఒక్కో గడికీ బటన్‌కీ యంత్రం పలికేలా పేరు పెట్టించాడు. పిన్ని పక్కనే కూర్చుని వింటూ, "ఆ మూలది ఇంకా మూగదే!" అని తరిమింది. నాలుగూ యాభైకి పని ముగిసింది. పిన్ని వేళ్ళు వర్షంలా కురిశాయి. ఐదింటికి రెండు నిమిషాలుండగా 'పంపించు' నొక్కింది.

గదిలో గాలి కూడా ఊపిరి బిగబట్టింది.

పిన్ని చెవులకున్న హెడ్‌ఫోన్లో యంత్రం గబుక్కున ఏదో గొణిగింది. మా ఎవరికీ అందలేదు. పిన్ని నవ్వి, హెడ్‌ఫోన్ ఊడబీకి, యంత్రం వేగం మా స్థాయికి తగ్గించింది.

"మీ... దరఖాస్తు... అందింది."

ఇంజనీరు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. పిన్ని మాత్రం చెవి దగ్గరగా పెట్టి, "ఇంకోసారి అనవే," అంది.