ఎడమ పంజా లేని వాఘోబా

నాకు దయ్యాల మీద గానీ మహిమల మీద గానీ ఏనాడూ నమ్మకం లేదు. ఎలా ఉంటుంది చెప్పండి? ముప్పై ఏళ్లుగా చంద్రపూర్‌లో సిమెంటు జంతువులు చేసి అమ్ముతున్నవాణ్ని. వాటి కడుపులో ఏముంటుందో నాకు తెలుసు. ఇనుప చువ్వలు, ఇనుప వల, ఇటుక ముక్కలు.

మా ఊరికి జంతువుల కొదవ లేదు. కోట దర్వాజా మీద రాతి సింహం ఏనుగును తొక్కుతూ ఉంటుంది. తోటల్లో, రిసార్టుల గేట్ల దగ్గర నిలబడ్డ పులుల్లో చాలావరకు నా చేతివే. అసలు పులులు కూడా అడవి దాటి ఊరి శివార్ల దాకా వస్తాయి. నా పులులే నయం, పెట్టిన చోటు నుంచి కదలవని కొనడానికొచ్చిన గిరాకీలతో పరాచికాలాడేవాణ్ని.

మా అక్క లచ్చవ్వది రాజురా అవతల, లక్కడ్‌కోట్ దారిలో అడవి అంచున ఉన్న పల్లె. ఆ పల్లె పొలిమేరలో వాఘోబా ఉండేవాడు. వాఘోబా అంటే పులి దేవుడు. సిందూరం పూసిన పాత రాయి. దారి వెడల్పు చేసినప్పుడు ఆ రాయి ఎటు పోయిందో పోయింది. కొత్త వాఘోబాను చేసిమ్మని అక్క నన్ను అడిగింది.

నేను చేసిన ఘనకార్యం వినండి. ఒక గిరాకీ వద్దన్న పులి షెడ్డులో పడి ఉంటే, దాన్నే బండికెక్కించి తీసుకెళ్లాను. బండి మీంచి దింపేటప్పుడు దాని ఎడమ ముందుకాలి పంజా విరిగి, లోపలి చువ్వ వేలెడు బయటికి పొడుచుకొచ్చింది. నలుగురు మోసి గద్దె మీద నిలబెట్టి, మిగతా మూడు కాళ్లను సిమెంటుతో బిగించారు.

అక్క ఊరుకుంటుందా? "కాలు లేని దేవుడేందిరా తమ్మీ? గిరాకీ అద్దన్నది దేవునికిస్తవా?" అని అందరి ముందూ కడిగేసింది.

"వారంల వచ్చి పెడ్తనే అక్కా" అన్నాను.

అది దసరా ముందు మాట. దసరా పోయింది, హోలీ పోయింది. మరిచిపోయానని అబద్ధం చెప్పను. ఇంటి పనే కదా, ఎక్కడికి పోతుందిలే అని బద్ధకించాను.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే అక్క తునికాకు తెంపడానికి అడవికి పోయింది. వాగు పక్కన వంగి ఆకు తెంపుతూ తలెత్తితే, పది అడుగుల దూరంలో పులి. పొట్ట నేలకు ఆనించి, దూకడానికి సిద్ధంగా ఉంది.

అప్పుడు ఊరి వైపు నుంచి ఇంకో పులి వచ్చి, అక్కకు వీపు పెట్టి, మధ్యలో నిలబడిందట. మొదటిది కాసేపు గుర్రుమని పొదల్లోకి తప్పుకుంది. రెండోది కుంటుకుంటూ వచ్చిన దారినే వెళ్లిపోయింది. అక్క ఎలాగో ఇంటికొచ్చి పడిపోయింది. ఒళ్లు కాలిపోయే జ్వరం.

కబురు అందగానే గుండె చిక్కబట్టుకుని పోయాను. అక్క చెప్పింది విని, భయపడ్డ కంటికి ఒక పులి రెండుగా కనిపించి ఉంటుందనుకున్నాను.

ఫారెస్టు గార్డు పులి అడుగుల అచ్చు తీయడానికి వచ్చాడు. ప్లాస్టర్‌ను మజ్జిగలా కలుపుతుంటే చూడలేక ఆ పని నేనే అందుకున్నాను. వాగు బురదలో రెండు పులుల అడుగులూ ఉన్నాయి. రెండోదానికి పంజాలు మూడే. ఎడమ ముందుకాలు పడిన చోట మొద్దు గుంట, దాని నడుమ సన్నటి రంధ్రం.

గట్టిపడ్డాక అచ్చు లేపి తిప్పాను. మొద్దు నడుమ నుంచి వేలెడు పొడవున ప్లాస్టర్ పుల్ల లేచి ఉంది. దాని చుట్టూ మెలికల గీతలు. కాలికి ఏ కట్టె ముక్కో గుచ్చుకుని ఉంటుందని గార్డు మరాఠీలో అన్నాడు. నేను ఆ గీతలను వేలితో తడిమి చూశాను. అవి ఎనిమిది ఎంఎం చువ్వ మెలికలు. రోజూ నా చేతులతో వంచే చువ్వ. నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారు?

గద్దె దగ్గరికి పరుగెత్తాను. మూడు కాళ్లూ సిమెంటులో బిగిసే ఉన్నాయి, ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. ఇన్ని నెలల వానకూ ఎండకూ తుప్పు పట్టిన చువ్వ, కొసన మాత్రం అరిగి మెరుస్తోంది. మెలికల సందుల్లో బురద ఎండి ఉంది.

మర్నాడు సిమెంటు, ఇసుక, తాపీ పట్టుకుని మళ్లీ వెళ్లాను. జ్వరం పూర్తిగా తగ్గకపోయినా అక్క నాకంటే ముందే వచ్చి అక్కడ కూర్చుంది. విరిగిన కాలికి పసుపు అద్ది, తన పాత చీర ముక్క చుట్టి కట్టింది. మేకకు కాలు విరిగితే కట్టినట్టే కట్టింది. నాకు ఏడుపాగలేదు. ఒక్క వారంలో చేయాల్సిన పని.

గుడ్డ విప్పబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మెల్లగ చెయ్‌రా తమ్మీ. నొప్పైతది."

అదంతా ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. గార్డు పట్టుకుపోయింది కాక, ఆ రోజే నాకోసం తీసుకున్న ఇంకో అచ్చు నా షెడ్డులోనే ఉంది. చూసినవాళ్లు తలా ఒకటి చెబుతారు, ఏదీ నాకు అతకదు. సిమెంటుకు నొప్పి ఉండదని మాత్రం నాకు బాగా తెలుసు.

అయినా ఆ రోజు మెల్లగానే చేశాను.