పది సెంటీమీటర్లు పెరిగిన కొండ

మొన్న డబ్లిన్‌లో మా అమ్మాయికి డ్రైవింగ్ నేర్పుతుంటే, ఫోన్‌లో మ్యాప్ మా కారుని పక్కనున్న కాలవలో చూపించింది. పిల్ల పకపకా నవ్వింది గానీ నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఆ ఉపగ్రహాలనే నమ్ముకుని నేనొకప్పుడు ఓ అగ్నిపర్వతాన్నే పెంచేసినవాణ్ణి.

రెండువేల మూడో నాలుగో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఎమ్మెస్ చదివే రోజులు. లోపల కరిగిన రాయి పైకి తోస్తే కొండ పూరీలా పొంగుతుంది, కాకపోతే కంటికి ఆనదు. అది పట్టుకోవడానికి రాతిలో దిగ్గొట్టిన ఇత్తడి బిళ్ల మీద ముక్కాలి స్టాండు నిలబెట్టి, పైన జీపీఎస్ యాంటెన్నా బిగించి, బిళ్లకీ యాంటెన్నాకీ మధ్య ఎత్తు టేపుతో కొలవాలి. యాంటెన్నా ఎక్కడుందో ఉపగ్రహాలు చెబుతాయి, అందులోంచి మేం కొలిచిన ఎత్తు తీసేస్తే నేల సంగతి తేలుతుంది. ఏనుగు పిల్లంత బ్యాగు మోస్తూ, నన్ను తిడుతూ, వరంగల్ నుంచి రెండేళ్లు ముందొచ్చిన సీనియర్ నాతో ఎక్కేవాడు. నాకు అన్న.

వడ్రంగి మేస్త్రీ అయిన మా నాన్న, టేపు కొస అరిగి అబద్ధమాడుతుంది, పదో సెంటీమీటరు గీత నుంచి కొలిచి తర్వాత పది తీసెయ్యమని నేర్పాడు. కొలవడం నాకు బాగా వచ్చింది, తీసెయ్యడం మాత్రం భూగోళంలో నా అంత బాగా మర్చిపోయేవాడు లేడు.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్, నెల్లాళ్లలో కొండ పది సెంటీమీటర్లు లేచిందంది. మా ప్రొఫెసరమ్మ చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. కింద లోయలో పిల్లాపాపలతో గుడారాలు వేసుకున్నవాళ్లంతా ఆ సాయంత్రంలోగా ఖాళీ చేయాలి. చెయ్యకపోతే, కొండ నిజంగానే లేస్తే, వాళ్ల గతేమిటి? నా గుండె చప్పుడు కెనడా దాకా వినపడి ఉంటుంది. ఒక్కసారి కొండమీద కొలతలు రాసుకున్న నోట్‌బుక్ చూస్తామని బతిమాలాం.

"పది తీసేసినవా?" అన్నాడు అన్న.

"తీసేశానన్నా. ఈసారి గుర్తుపెట్టుకుని మరీ తీసేశాను."

అన్న తల పట్టుకున్నాడు. "నేను గూడ తీసేసిన. కంప్యూటర్‌ల ఎక్కించేటప్పుడు."

"నువ్వెందుకు తీశావు?"

"నువ్వు మర్చిపోతవని రా."

లెక్కలో యాంటెన్నా ఎత్తు పది తగ్గింది, కొండ పది పెరిగింది. ప్రొఫెసరమ్మ మా ఇద్దరి ముఖాలూ చూసి, ఫోన్ మీంచి చెయ్యి తీసేసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. తప్పు మాదేనని తేలినందుకు నా అంత సంతోషించిన మనిషి చరిత్రలో ఉండడు. కొండకేం కాలేదు, లోయలో పిల్లలు ఆ సాయంత్రం హాయిగా మొక్కజొన్న పొత్తులు కాల్చుకుని ఉంటారు, అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు యంత్రాలు కొండమీదే కాపురం పెట్టాయట, సోలార్ పలక పక్కన కూర్చుని క్షణక్షణం కబురు పంపుతాయట, ఎవరూ ఎక్కక్కర్లేదు, టేపు పట్టక్కర్లేదు. లోయవాళ్లకి మంచిదే, కాదనను. కానీ నేను మర్చిపోతానేమోనని ముందే గుర్తుపెట్టుకునే మనిషి పక్కన లేక ఎన్నేళ్లయిందో. ఈ మధ్య నా తప్పులన్నీ నేనొక్కణ్ణే చేసుకుంటున్నాను.